పద్యంలో దాచిన ఇరవై అంకెలు

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని కోరిన వరం కథ మన ఇళ్ళలో చాలామంది ఎరిగినదే. మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇలా 64 గళ్ళకూ రెట్టింపు చేస్తూ పోవాలి. ఈ లెక్క దేశదేశాలు తిరిగింది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ దీన్ని గణించాడు. 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ కథతో సహా వ్రాసిపెట్టాడు. మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. గింజ 25 మిల్లీగ్రాములనుకున్నా సుమారు 46,000 కోట్ల టన్నులు! నేడు ప్రపంచమంతా పండించే బియ్యం ఇంచుమించు 900 ఏళ్ళు పోగుచేస్తేగాని రాజుగారి బాకీ తీరదు.

ఇంత సంఖ్యనూ తెలుగువాడు ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు. ఆ పద్యం పావులూరి మల్లన పేర ప్రచారంలో ఉన్నది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చిన కవి మల్లన. రాజరాజ నరేంద్రుని కాలంవాడని ప్రతీతి. అదే నిజమైతే, నన్నయగారు భారతాన్ని తెనిగిస్తున్న రోజుల్లోనే మరొకరు లెక్కలను తెనిగిస్తున్నారన్నమాట.

పద్యంలో అంకెల పేర్లు దాదాపు కనబడవు. వాటికి బదులు వస్తువుల పేర్లుంటాయి. చంద్రుడంటే ఒకటి. వేదాలు, సముద్రాలు నాలుగేసి. మన్మథుని బాణాలు ఐదు, కొండలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడవాలి గనుక సంఖ్య బాణంతో మొదలై చంద్రునితో ముగుస్తుంది. ఇదంతా కవి చమత్కారమేనని మేము అనుకోము. తాటాకు మీద ఒక అంకె చెదిరితే పట్టుకోవడం కష్టం. పద్యంలో మాట జారితే గణం చెడుతుంది, నోటికే తెలిసిపోతుంది. మలయా తోటలకు ఓడలెక్కి వచ్చిన మన పెద్దల వెంట పుస్తకాలకంటె నోటికి వచ్చిన పద్యాలే ఎక్కువ వచ్చి ఉంటాయి. లిపి రాని మన పిల్లలకు కూడ ఆ దారి ఇంకా మూసుకుపోలేదు.

ఈ సంఖ్యకు మంచి గుణమొకటి ఉన్నది. ఏ గడి వరకు కూడినా మొత్తం తరువాతి గడికంటె ఒకటే తక్కువ: 1, 2, 4 కలిపితే 7, తరువాతిది 8. కనుక 65వ గడి తెలిస్తే చాలు. అందుకు 2ను ఆరుసార్లు వర్గం చేస్తే సరి: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, ఆపైన ఆరవది.

దీని ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. వీటిలో 641 ఘనమైనది. 4,29,49,67,297 ప్రధాన సంఖ్య అని 17వ శతాబ్దిలో ఫెర్మా తలచాడు. 641తో అది శేషం లేకుండా తెగుతుందని 1732లో ఆయిలర్ చూపాడు. రుణసంఖ్యల మాట వదిలితే, కంప్యూటరు 64 బిట్లలో పట్టించగల అతి పెద్ద పూర్ణసంఖ్య కూడ మన చదరంగపు మొత్తమే.

పద్యం తెలిసిన పెద్దలు ఇంట్లో ఉంటే పిల్లలచేత మాటలకు అంకెలు వేయించండి. పక్కనే ఆ ఆరు వర్గాలూ చేయించండి. లెక్క చివర 16 వస్తుంది, పద్యం 15 అంటుంది. ఆ ఒకటి ఎటు పోయిందో వారినే చెప్పనివ్వండి.