హరి నారాయణ ఆప్టే

పుణ్యపత్తనమునందలి ఆనందాశ్రమ సంస్కృత గ్రంథావళి నెఱుఁగని పండితుఁ డాంధ్రదేశమున నరుదు. ఆ సంస్థను పెక్కేండ్లు నిర్వహించిన హరి నారాయణ ఆప్టేయే మహారాష్ట్ర నవలకుఁ బ్రతిష్ఠ కలిగించిన రచయిత యని యెఱిఁగినవారు మాత్రము కొలఁదిమందియే. 1905లో స్మృతుల సముచ్చయమును లోకమున కందిచ్చిన యీ ప్రకాశకుఁడు, అంతకు ముందే, ఆ స్మృతుల పేరఁ జెల్లుచుండిన దురాచారమునకు మిక్కిలి తీవ్రమైన సాక్ష్యమును వ్రాసియుండెను.

ఇతఁడు 1864వ సంవత్సరమున ఖాందేశమునందలి పారోళాలో జన్మించెను. కళాశాలలోఁ జదివెనే కాని పట్టము పొందలేదు. ఆనందాశ్రమ స్థాపకుఁడగు మహాదేవ చిమణాజీ ఆప్టే యితని తండ్రికి సోదరుఁడు. 1885లో 'మధలీ స్థితి' యను తొలి నవల వెలువడెను. 1890లో 'కరమణూక' యను వారపత్రికను నెలకొల్పి, అందే 'పణ్ లక్షాంత్ కోణ్ ఘేతో' యను కథను భాగములుగాఁ బ్రకటించెను. 'కాని, లక్ష్యపెట్టువా రెవరు?' అని యా పేరున కర్థము.

కథ చెప్పునది యమున యను బ్రాహ్మణ స్త్రీ. పుట్టినింటి ముచ్చటలు, అత్తింటి యారళ్లు, భర్త తనకుఁ జదువు చెప్పుట, బొంబాయిలోని స్వల్పకాల సౌఖ్యము, అన్నియు నామె నోటనే వినఁబడును. భర్త మరణించిన పిమ్మట నామెకు బలవంతముగాఁ గేశఖండనము చేయింతురు. గ్రంథము మిక్కిలి దీర్ఘమను నాక్షేపణము న్యాయమైనదే. వారమువారము నడచిన కథకు సాగతీఁత సహజము. అయినను ఆ దీర్ఘతయే యిచట బలమైనది. ఇన్ని ప్రకరణములు యమునతోఁ గలసి నవ్విన పాఠకునకు, మంగలికత్తి వచ్చు ఘట్టమున శాస్త్రచర్చ చేయు నోపిక యుండదు.

రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1881లో వితంతు వివాహము జరిపించి సంఘమునే యెదిరించిరి. ఆప్టే పోరాటము ముఖ్యముగాఁ గథలోనిది. కాని రాజశేఖర చరిత్రమునఁ గథ చెప్పునది కవి. ఇచట బాధపడినదే చెప్పును. ఈ భేదము చిన్నది కాదు. ఇరువురును 1919లోనే, ఆప్టే మార్చి నెలలో, పంతులుగారు మే నెలలో, గతించిరి.

ఇతని చారిత్రక నవలలలో 'ఉషఃకాల' శివాజీ కాలమునకు సంబంధించినది. ఆంధ్రులకు సన్నిహితమైనది 'వజ్రాఘాత'. 1565 నాఁటి రక్కసి-తంగడి యుద్ధమునకు నవలాకారుఁ డిందొక ప్రణయకథను ముడివెట్టెను. చరిత్రకారుఁ డిది యంగీకరింపఁడు. రామరాయలు సుల్తానుల నొకరిపై నొకరిని బ్రయోగించుటయు, తుదకు వారేకమగుటయు నసలు కారణములు. అయినను విద్యానగర పతనమును మహారాష్ట్రుల యింటి దుఃఖముగాఁ జేసిన యీ గ్రంథము తెలుఁగువారు చదువఁదగినది.