చదరంగపు గడులలోని ప్రధాన సంఖ్యలు

చదరంగపు మొదటి గడిలో ఒక గింజయు, రెండవదానిలో రెండును, మూడవదానిలో నాలుగును, ఇట్లు గడిగడికిని ఇనుమడింపజేయుచు అరువదినాలుగు గడులను నింపినచో గింజలన్నియు కలిసి యెన్ని యగునను ప్రశ్నకు, ఒక్క పద్యములో సమాధానము నిమిడ్చినవాడు పావులూరి మల్లన యని మన పెద్దలు చెప్పుదురు. ఆ సంఖ్య 18446744073709551615. పద్యములో అంకెలకు మారుగా వస్తువుల పేర్లు నిలిచినవి: బాణమనిన ఐదు, వేదమనిన నాలుగు, రంధ్రమనిన తొమ్మిది, గగనమనిన సున్న. అంకెల నడక కుడినుండి యెడమకు గనుక పద్యము బాణముతో నారంభమై చంద్రునితో ముగియును.

మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందరును, అంతకు తరువాతివాడని కొందరును తలతురు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి దెచ్చినవా డాతడే. ఆ మూలగ్రంథము 1912లో మద్రాసున రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో అచ్చయినది. భిన్నములను కూడుటకు హారములన్నిటికిని సమానమగు కనిష్ఠ గుణిజమును గ్రహించు పద్ధతిని మహావీరుడు చెప్పి, దానికి నిరుద్ధమని పేరిడినాడు. నేడు మన పిల్లలు క.సా.గు. అని వల్లించునది యిదియే. 142857143ను ఏడుచే గుణించిన 1000000001 వచ్చును. రెండు కొసల ఒకట్లును, నడుమ సున్నలును గల ఇట్టి లబ్ధములను ఆయన కంఠాభరణములని ముచ్చటగా వర్ణించినాడు. ఇట్టి హారమును గ్రుచ్చినవాడు ముందు ఫలమును నిర్ణయించుకొని, దానిని ఏడు నిశ్శేషముగా భాగించునని కనిపెట్టిన పిమ్మటనే గుణ్యమును పొందియుండునని నా నమ్మకము. కనుక ఆ ఆభరణముల వెనుక నున్నది భాజనీయతా పరిశీలనమే.

అదే పరిశీలనమును చదరంగపు సంఖ్యపై నడిపి చూతము. ఒకట్ల స్థానమున ఐదున్నది గనుక ఐదు దానిని భాగించును. పలకపై దాని యిరువది అంకెలను వరుసగా కూడినచో 87 వచ్చును. 87 మూడునకు గుణిజము గాని తొమ్మిదికి గాదు, కావున మూడు ఒక్కమారే భాగించును. ఆ పైని యెత్తు వర్గాంతరసూత్రము. ఒక సంఖ్య వర్గమునుండి ఒకటి తీసివేయగా మిగులునది, ఆ సంఖ్యకంటె ఒకటి హెచ్చైనదానికిని ఒకటి తక్కువైనదానికిని లబ్ధము. మన సంఖ్యకు ఒకటి కలిపినచో 4294967296 వర్గమగును, కావున అది 4294967297, 4294967295ల లబ్ధము. ఈ రెండవది 65537, 65535ల లబ్ధము. 65535 మరల 257, 255లుగను, 255 మరల 17, 15లుగను విడిపోవును. 3, 5, 17, 257, 65537 అన్నియు ప్రధాన సంఖ్యలే.

మిగిలినది 4294967297. ఫ్రాన్సుదేశమున టూలూజు న్యాయసభలో సభ్యుడైన ఫెర్మా 1640 ప్రాంతమున ఇదియు ప్రధాన సంఖ్యయే యని నమ్మెను. పైవన్నియు ప్రధానములై యుండగా ఆ నమ్మకము కలుగుట సహజము. దానిని పరీక్షించుటయే కష్టము. ఏలయన దాని వర్గమూలమునకు దాపుననున్న 65536 లోపల ప్రధాన సంఖ్యలు 6542 గలవు, ఒక్కొక్కదానితో భాగించి చూడవలెను. ఇరువదియైదేండ్ల గణితజ్ఞుడు ఆయిలరు 1732లో 641 దానిని నిశ్శేషముగా భాగించునని ప్రకటించెను. ఈ సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్యను 64చే భాగింపగా శేషము ఒకటియే కావలెనని ఆయన తరువాత నిరూపించెను; ఆ నియమము తెలిసిన వానికి 193, 257, 449, 577లను దాటగానే అయిదవ యత్నమున 641 చేజిక్కును. రెండవ కారణాంకము 6700417, అదియు ప్రధానమే.

3, 5, 17, 257, 641, 65537, 6700417. ఈ యేడింటిని వరుసగా గుణించుకొని పోయినవానికి, బాణముతో మొదలై చంద్రునితో ముగియు ఆ పద్యములోని సంఖ్యయే ఒక్క అంకెయు తప్పక వచ్చి నిలుచును.