పాత్రధారణ క్రీడలలో ముఖాముఖి పోరు: ఒక ఇంటి నియమము

బల్లచుట్టు గూర్చుండి, పాత్రలు ధరించి, పాచికలు వేసి యాడు క్రీడలలో ముఖాముఖి పోరునకు నేడు చెల్లుచున్న విధానము మొదట ఒక ఇంటి సవరణయే యని మా తలంపు. 1971లో గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ ప్రకటించిన 'చెయిన్‌మెయిల్' బొమ్మల సైన్యములతో నాడు యుద్ధక్రీడకు నియమగ్రంథము. అందు సామాన్య యోధుడు ఒక్క దెబ్బకే కూలును. దండులో నొక బొమ్మ పోయినచో చింత లేదు. కాని అమెరికాలోని మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ నడపిన 'బ్లాక్‌మూర్' ఆటలో ఒక్కొక్కరికి సొంత వీరుడుండెను. వానికి పేరున్నది, గడచిన కథయున్నది. భూతమును ఒక్క వ్రేటున జంపుట ఆటగాండ్ర కిష్టమే. తాము చచ్చుట మాత్రము కాదని ఆర్నెసనే తరువాత జ్ఞాపకము చేసికొనెను. పెక్కు గుండ్లు తగిలినగాని ఓడ మునుగదు గదా! అందుచే నతడు అమెరికా అంతర్యుద్ధమునాటి ఇనుప ఓడలపై తాను వ్రాసికొన్న ఆటనుండి దెబ్బల లెక్కను, కవచపు తరగతిని తెచ్చి వీరునకు వర్తింపజేసెను. 1974లో వెలువడిన 'డన్‌జియన్స్ అండ్ డ్రాగన్స్'లో ఈ లెక్కలు గల, ఇరువది ముఖముల పాచికతో నాడు పద్ధతి వైకల్పికమనియే పేర్కొనబడినది; మూలముగా జూపినది చెయిన్‌మెయిలును. ముద్రిత క్రమమునే ప్రమాణముగా గొన్న పరిశోధకుడిచ్చట పొరబడును. ఆటగాండ్రు పట్టినది వైకల్పికమునే.