అమెరికాలో వాణిజ్య సర్దుబాటు సహాయం

విదేశీ దిగుమతుల పోటీ వల్ల ఉపాధి కోల్పోయిన కార్మికులకు అమెరికా కేంద్ర ప్రభుత్వం అందించిన ప్రత్యేక సహాయాన్ని వాణిజ్య సర్దుబాటు సహాయం అంటారు. 1962లో మొదలై 2022లో కొత్తవారికి తలుపులు మూసిన ఈ పథకాన్ని అక్కడి ఫ్యాక్టరీ ఊళ్లలో క్లుప్తంగా టీఏఏ అని పిలుస్తారు. మామూలు నిరుద్యోగ భృతి గడువు తీరాక మరికొంత కాలం భృతి, కొత్త పని నేర్చుకోవడానికి ఫీజులు, పుస్తకాల ఖర్చు, వేరే ఊళ్లో ఉద్యోగం దొరికితే కాపురం మార్చుకోవడానికి కొంత సొమ్ము దీనిలోని ముఖ్యాంశాలు. మూతపడిన ప్రతి ఫ్యాక్టరీకీ ఇది వర్తించేది కాదు. మూతకు దిగుమతులు కారణమని రుజువు కావాల్సి వచ్చేది. ఆ రుజువు ఎంత కఠినంగా ఉండాలన్నదానిపై వాదం చివరిదాకా నడిచింది. అయితే పథకం పెరగడాన్నీ కుంగడాన్నీ నిర్ణయించింది మాత్రం మరొకటి: వాణిజ్య చట్టాలకు కాంగ్రెస్‌లో ఓట్లు కూడగట్టాల్సిన అవసరం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సుంకాలు తగ్గిస్తూ వచ్చింది. చౌక సరుకు వల్ల కలిగే లాభం దేశమంతటా తలా కొంచెం పంచుకుంటారు. నష్టం మాత్రం ఏదో ఒక ఊరి మీద, ఒక మిల్లు మీద పూర్తి బరువుతో పడుతుంది. దేశం బాగు కోసం తీసుకున్న నిర్ణయానికి మూల్యం కొందరు కార్మికులే ఎందుకు చెల్లించాలని అడిగినవాడు ఉక్కు కార్మిక సంఘం అధ్యక్షుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్. ఐసెన్‌హోవర్ హయాంలో విదేశీ ఆర్థిక విధానంపై ఏర్పాటైన రాండల్ కమిషన్‌లో ఆయన సభ్యుడు. ఆయన చేసిన సహాయ ప్రతిపాదనను 1954లో కమిషన్ తోసిపుచ్చింది. ఆ ఆలోచనను బిల్లు రూపంలో సెనేట్‌కు తెచ్చినవారిలో మసాచుసెట్స్ సెనేటర్ జాన్ కెనడీ ఒకరు. ఆయన రాష్ట్రంలో జౌళి మిల్లులు అప్పటికే ఒకదాని వెంట ఒకటి మూతపడుతున్నాయి.

అధ్యక్షుడయ్యాక కెనడీకి సుంకాలు భారీగా తగ్గించే బేరసారాలకు అధికారం కావలసి వచ్చింది. కార్మిక సంఘాల మద్దతు లేకుండా అది దొరకదు. అలా 1962 అక్టోబరు 11న సంతకమైన వాణిజ్య విస్తరణ చట్టంలో ఈ సహాయం చోటు చేసుకుంది. ఆ చట్టం కింద వారపు జీతంలో 65 శాతం వరకు భృతి ఇవ్వవచ్చు. కానీ షరతు చాలా బిగుతైనది. అమెరికా సుంకం తగ్గించినందువల్లే ప్రధానంగా దిగుమతులు పెరిగాయని, ఆ దిగుమతుల వల్లే ప్రధానంగా ఉద్యోగాలు పోయాయని, రెండు మెట్లలోనూ టారిఫ్ కమిషన్ ఎదుట నిరూపించాలి. 1969 నవంబరు దాకా, అంటే ఏడేళ్ల పాటు, ఆ చట్టం కింద ఒక్క కార్మికుడికీ సహాయం మంజూరు కాలేదు. ఆశ చూపి ఓట్లు తీసుకుని, తర్వాత చేతులు దులుపుకున్నారన్న కోపం సంఘాల్లో మిగిలిపోయింది. చచ్చాక దక్కే అంత్యక్రియల బీమా అని వారు దీన్ని ఎత్తిపొడిచారు. ఆ మాటను తప్పుపట్టలేం.

మరో విడత వాణిజ్య చర్చలకు అధికారం అవసరమైనప్పుడు 1974 వాణిజ్య చట్టం వచ్చింది. అధ్యక్షుడు ఫోర్డ్ దానిపై 1975 జనవరి 3న సంతకం చేశాడు. సుంకం తగ్గింపుతో ముడి తెగిపోయింది. ఉద్యోగాలు పోవడానికి దిగుమతులు గణనీయంగా తోడ్పడ్డాయని తేలితే చాలు. విచారణ కార్మిక శాఖ చేతికి వచ్చింది. ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టినా, వారి తరఫున సంఘం పెట్టినా చెల్లుతుంది. ఈ ముగ్గురి నిబంధన ఆ చట్టంలోని మంచి అంశాల్లో ఒకటి. సంఘం లేని కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు కూడా తమంత తాముగా ప్రభుత్వాన్ని అడగగలిగారు.

జపాను కార్లు మార్కెట్టును ముంచెత్తిన 1980లో పథకం ఒక్కసారిగా ఉబ్బింది. ఆ ఆర్థిక సంవత్సరంలో అయిదు లక్షల మందికి పైగా భృతి పొందారు. ఖర్చు సుమారు 160 కోట్ల డాలర్లకు చేరింది. వారిలో కార్ల పరిశ్రమలో తాత్కాలికంగా లేఆఫ్ అయి, తిరిగి అదే పనిలోకి వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇది విమర్శకులకు ఆయుధమైంది. 1981లో రీగన్ ప్రభుత్వం భృతిని రాష్ట్రాలిచ్చే మామూలు నిరుద్యోగ భృతి స్థాయికి దించింది. ఆ భృతి పూర్తిగా అయిపోయాకే దీన్ని ఇవ్వాలంది. 1988 చట్టం శిక్షణలో చేరడాన్ని షరతుగా మార్చింది. పోయిన జీతానికి పరిహారంగా పుట్టిన సహాయం క్రమంగా బడికి పంపే పథకమైంది. 1994 నుంచి మెక్సికో, కెనడాలతో నాఫ్టా ఒప్పందం అమలైనప్పుడు, ఆ దేశాలకు తరలిపోయిన ఉద్యోగాల కోసం దీని పక్కనే మరో విభాగాన్ని తెరిచారు.

2002 ఆగస్టులో బుష్ సంతకం చేసిన చట్టం పాత పథకాన్నీ నాఫ్టా విభాగాన్నీ కలిపింది. ఆరోగ్య బీమా ప్రీమియంలో 65 శాతం పన్ను రాయితీగా ఇచ్చింది. యాభై ఏళ్లు దాటినవారు తక్కువ జీతానికి కొత్త ఉద్యోగంలో చేరితే, పాత జీతానికీ కొత్త జీతానికీ మధ్య తేడాలో సగాన్ని రెండేళ్లలో 10,000 డాలర్లకు మించకుండా చెల్లించే వేతన బీమా కూడా అప్పుడే మొదలైంది.

ఆ చట్టానికి పెద్ద పరీక్ష నార్త్ కరోలినాలోని కన్నపోలిస్‌లో ఎదురైంది. కానన్ మిల్స్ కంపెనీ కట్టిన ఊరు అది. టవళ్లు, దుప్పట్లు నేసే ఆ మిల్లులు చేతులు మారి చివరకు పిల్లోటెక్స్ సంస్థవయ్యాయి. 2003 జూలై 30న సంస్థ మూతపడింది. ఆ రాష్ట్రంలోనే దాదాపు 4,800 మంది రోడ్డున పడ్డారు. తాతల నాటి నుంచి ఒకే మిల్లును నమ్ముకున్న కుటుంబాలవి. హైస్కూలు పూర్తికాకుండానే మగ్గాల దగ్గరికి వచ్చినవారు వారిలో చాలామంది. దగ్గర్లోని రోవన్-కబారస్ కమ్యూనిటీ కాలేజీ వేలమందిని చేర్చుకుంది. ఇక్కడే చట్టంలోని గడియారం వారి మెడకు చుట్టుకుంది. ఉద్యోగం పోయిన 16 వారాల్లోగా, లేదా అర్జీకి కార్మిక శాఖ ధ్రువీకరణ వచ్చిన 8 వారాల్లోగా, శిక్షణలో చేరాలి. లేదంటే మినహాయింపు తెచ్చుకోవాలి. రెండూ లేకపోతే భృతి లేదు. యాభై ఏళ్ల వయసులో ముందు భిన్నాలు, వ్యాకరణం నేర్చుకుని, హైస్కూలుకు సమానమైన పరీక్ష రాసి, ఆపై నర్సింగ్ సహాయకురాలిగానో ఏసీ మెకానిక్‌గానో తర్ఫీదు పొందాలి. ఇదంతా భృతి ఆగిపోయేలోగా పూర్తి చేయాలి. ప్రాథమిక చదువు అవసరమైనవారికి 2002 చట్టం మరో 26 వారాలు కలిపింది గనుక కొందరైనా గట్టెక్కారు.

అర్జీ తిరస్కరణకు గురైతే న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానానికి వెళ్లే వీలుండేది. ఇండియా ప్రస్తావన ఎక్కువగా వచ్చేది ఈ ఘట్టంలోనే. 2000 తర్వాత ప్రోగ్రామింగ్, కాల్ సెంటర్ పనులు బెంగళూరు, హైదరాబాద్ వంటి నగరాలకు తరలుతున్నప్పుడు, సాఫ్ట్‌వేర్ చేత్తో పట్టుకునే వస్తువు కాదు గనుక దాన్ని తయారుచేసేవారు అర్హులు కారని కార్మిక శాఖ వాదించింది. న్యాయస్థానం పదేపదే తప్పుపట్టాక 2006లో ఆ వైఖరి మార్చుకుంది. సేవారంగ ఉద్యోగులందరినీ చట్టంలో చేర్చడం 2009 ఉద్దీపన చట్టంతో సాధ్యమైంది. ఆ విస్తరణకు గడువు పెట్టడం వల్ల 2011లో ఒకసారి, 2014లో మరోసారి పాత నిబంధనలు తిరిగొచ్చాయి. ఏ తేదీన అర్జీ పెట్టారన్నదాన్ని బట్టి పక్కపక్క ఫ్యాక్టరీల వారికి వేర్వేరు హక్కులు దక్కడం అన్యాయం.

ఈ పథకం ఓట్ల బేరంలో భాగమన్న సంగతి 2015 జూన్ 12న బాహాటమైంది. ఒబామా కోరిన వాణిజ్య చర్చల అధికారాన్ని, ఈ సహాయం పొడిగింపును ప్రతినిధుల సభలో ఒకదానికొకటి ముడివేశారు. ఒకటి ఓడితే రెండోదీ ఆగుతుంది. ఆ అధికారాన్ని అడ్డుకోవడానికి డెమొక్రాట్లు, కార్మిక సంఘాల మద్దతుతోనే, తమ పార్టీ దశాబ్దాలుగా కాపాడుకొచ్చిన సహాయానికి వ్యతిరేకంగా ఓటేశారు. 126–302 ఓట్లతో అది వీగిపోయింది. ముడి విప్పాక రెండూ వేర్వేరుగా నెగ్గాయి. నెలాఖరుకు ఒబామా సంతకం చేశాడు.

పథకం ఫలితమిచ్చిందా అన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. కార్మిక శాఖ కోసం మ్యాథమేటికా సంస్థ 2012లో పూర్తిచేసిన అధ్యయనంలో, నాలుగేళ్ల తర్వాత కూడా సహాయం పొందినవారి సంపాదన పొందనివారికన్నా తక్కువగా కనిపించింది. చదువుకుంటూ గడిపిన కాలంలో జీతం రాకపోవడం దానికి ఒక కారణం. తర్వాత ఆర్థికవేత్త బెంజమిన్ హైమన్ మరో దారిలో వెళ్లాడు. అర్జీలు పరిశీలించే అధికారుల్లో కొందరు ఉదారంగా, కొందరు గట్టిగా ఉంటారన్న తేడాను ఆధారం చేసుకున్నాడు. సహాయం దక్కినవారు పదేళ్లలో మొత్తం మీద సుమారు 50,000 డాలర్లు ఎక్కువ సంపాదించారని తేల్చాడు. చైనా దిగుమతుల దెబ్బ తిన్న ప్రాంతాలపై ఆటర్, డార్న్, హాన్సన్ 2013లో ప్రచురించిన పరిశోధన మరింత కలవరపరుస్తుంది. ఆ ప్రాంతాల్లో వైకల్య పింఛన్లు పెరిగినదానితో పోలిస్తే టీఏఏ చెల్లింపుల పెరుగుదల లెక్కలోకి రానంత చిన్నది. అసలు నష్టపోయిన వారిలో చాలామంది దాకా పథకం చేరనే లేదు.

యూరోపియన్ యూనియన్ 2007 నుంచి ఇలాంటి ప్రపంచీకరణ సర్దుబాటు నిధిని నడుపుతోంది. అమెరికాలో మాత్రం అధ్యక్షుడి వాణిజ్య చర్చల అధికారం 2021 జూలైలో ముగిసింది. దాన్ని పునరుద్ధరించే బిల్లు లేకపోవడంతో సహాయానికి ఓట్లు తెచ్చే బేరమూ లేకపోయింది. 2022 జూలై 1న పథకం ముగింపు దశలోకి వెళ్లింది. కొత్త బృందాలకు ధ్రువీకరణ ఇచ్చే అధికారం ఆ రోజుతో కార్మిక శాఖకు పోయింది. అంతకుముందే ధ్రువీకరణ పొందినవారికి శిక్షణ, భృతి కొనసాగాయి. ఆ తర్వాత దిగుమతుల వల్ల పని పోయినవారికి మిగిలింది రాష్ట్రాల నిరుద్యోగ భృతి, నిరుద్యోగులందరికీ ఉద్దేశించిన సాధారణ శిక్షణ పథకాలు మాత్రమే. ఆ భృతి చాలా రాష్ట్రాల్లో 26 వారాలకు మించదు.