చాట్: ప్రత్యక్ష ప్రసారాల పిలుపు

ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసే స్ట్రీమరు తనను చూస్తున్నవాళ్లందరినీ కలిపి పిలిచే మాట ‘చాట్’. మొదట్లో ఇది మనుషుల పేరు కాదు, తెర పక్కన వ్యాఖ్యలు దొర్లిపోయే పెట్టె పేరు. ఊరంతా వచ్చిందంటే ఊళ్లోని జనం వచ్చారని అర్థమైనట్టే, పెట్టె పేరు అందులో రాసేవాళ్లకు అంటుకుంది.

2007 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జస్టిన్ కాన్ టోపీకి కెమెరా తగిలించుకుని, తన రోజువారీ బతుకును జస్టిన్.టీవీ అనే వెబ్‌సైటులో చూపించడం మొదలుపెట్టాడు. అందులోని వీడియో ఆటల విభాగం 2011 జూన్‌లో ‘ట్విచ్’గా వేరుపడింది. 2014లో అమెజాన్ దాన్ని సుమారు 97 కోట్ల డాలర్లకు కొన్నది. ఇలాంటి ప్రసారాన్ని పదిమంది చూస్తుంటే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించవచ్చు. వేలమంది చూస్తుంటే పేరు చదివేలోపే అది పైకి జారిపోతుంది. స్ట్రీమరు కళ్లేమో ఆట మీద ఉంటాయి. అందరికీ సరిపోయే ఒక్క మాట కావాలి. రేడియోలో ‘శ్రోతలు’ అంటే అప్పటికప్పుడు బదులు రాదు. ఇక్కడ మాత్రం కొన్ని సెకన్లకే గుంపుగా వచ్చిపడుతుంది.

ఆ గుంపు ఒకే మనిషిలా ఎంత పని చేయగలదో 2014 ఫిబ్రవరిలో తేలింది. ‘ట్విచ్ ప్లేస్ పోకెమాన్’లో చూసేవాళ్లు చాట్‌లో టైపు చేసిన ఆదేశాలతోనే ఆట నడిచింది. పదకొండు లక్షల మందికి పైగా చేయి వేశారు. గోడకు గుద్దుకుంటూ, వెనక్కి తిరుగుతూ, 16 రోజుల్లో ఆట ముగించారు.

కై సెనాట్, ఐషోస్పీడ్ వంటి స్ట్రీమర్ల చలవతో ఈ పిలుపు తెర దాటింది. కెమెరా లేని చోట కూడా అమెరికా పిల్లలు గాల్లోకి చూసి “చాట్, ఇది నిజమేనా?” అనడం 2023, 2024 నాటికి మామూలైంది. ఇది ఇంగ్లీషులో పుట్టిన ‘నాలుగో పురుష’ సర్వనామమన్న వాదమూ బయల్దేరింది. భాషా శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఉత్తర అమెరికా మూలవాసుల ఓజిబ్వే వంటి భాషల వ్యాకరణంలో ఆ పేరు వేరే సంగతికి ఉంది. ‘ఓ, ఓయి, ఓరి, ఓసి’ వల్లెవేసిన తెలుగు విద్యార్థికి ఈ చిక్కే లేదు: చాట్ ఉత్త సంబోధన.

చైనా దారి వేరు. అక్కడ సరుకులమ్మే లైవ్‌లలో వినబడేవి చుట్టరికాలు. ‘జ్యారెన్‌మెన్’ అంటే ఇంటివాళ్లు. ఈశాన్య ప్రాంతపు యాస నుంచి వచ్చిన ‘లావోతియే’ అంటే ఇనుములాంటి పాత నేస్తం. లిప్‌స్టిక్‌లు అమ్మి పేరు తెచ్చుకున్న లీ జ్యాచీ అయితే ‘ఆడపిల్లలందరూ’ అని పిలుస్తాడు. 2023 సెప్టెంబరులో 79 యువాన్ల కనుబొమల పెన్సిలు ఖరీదెక్కువని ఎవరో రాస్తే, ఎక్కువేమిటి, ఇన్నేళ్లలో జీతం పెరిగిందా, కష్టపడి పనిచేశారా అని ఎదురడిగాడు. ఆ పిలుపుకు పలికినవాళ్లే తిరగబడ్డారు. మర్నాడు లైవ్‌లోనే ఏడుస్తూ క్షమాపణ చెప్పుకున్నాడు.