ఐదేళ్లకు 30 గంటలు: వైద్య కళాశాలల సదస్సుల్లో డాక్టర్లు ఏం నేర్చుకుంటారు?

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో ఉంది కిరుమాంబాక్కం. ఇక్కడి ఆరుపడై వీడు వైద్య కళాశాల, సేలం కేంద్రంగా పనిచేసే వినాయక మిషన్స్ డీమ్డ్ విశ్వవిద్యాలయంలో భాగం. దగ్గర్లోని పిళ్లైయార్‌కుప్పంలో మహాత్మా గాంధీ వైద్య కళాశాల ఉంది. ఇలాంటి క్యాంపస్‌లలో జరిగే ఉపన్యాసాలు, సదస్సులు, వర్క్‌షాపులు విద్యార్థుల కోసం మాత్రమే కాదు. ఎప్పుడో పట్టా పుచ్చుకుని ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లకూ ఇవే తరగతి గదులు.

నిబంధన ఏమిటి?

భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్య (సీఎంఈ) కార్యక్రమాల్లో పాల్గొనాలి. అంటే ఏడాదికి సగటున 6 గంటలు. ఒక్క రోజు వర్క్‌షాపుతో ఆ ఏడాది లెక్క తీరిపోతుంది. మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళి ప్రకటించినా, అదే నెలలో దాన్ని నిలిపివేసింది. దాంతో 2002 నిబంధనలే మళ్లీ అమల్లోకి వచ్చాయి.

మూడూ ఒకటి కాదు

ఉపన్యాసంలో ఒకరు చెబుతారు, మిగిలినవాళ్లు వింటారు. సదస్సులో పత్రాలు సమర్పిస్తారు, ప్రశ్నలు వేస్తారు. వర్క్‌షాపులో చేతికి పని ఉంటుంది. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలని విన్నంత మాత్రాన అలవాటు కాదు. బొమ్మ మీద నొక్కి చూడాలి. తప్పుంటే పక్కనున్నవాళ్లు దిద్దాలి.

ఫలితం ఎంత?

వైద్యుల కోసం జరిపే విద్యా సమావేశాలపై 81 పరీక్షలను పరిశీలించి కోక్రేన్ సంస్థ 2009లో ఒక సమీక్ష వెలువరించింది. వీటివల్ల డాక్టర్లు సరైన పద్ధతిని పాటించడం సుమారు 6 శాతం పాయింట్ల మేర మెరుగుపడిందని తేల్చింది. మార్పు చిన్నదే. క్లిష్టమైన అలవాట్లను మార్చడంలో సమావేశాలు ఒక్కటే చాలవని కూడా ఆ సమీక్ష చెప్పింది. 30 గంటల నిబంధన మాత్రం హాజరునే లెక్కిస్తుంది. రోగిని చూసే తీరు మారిందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు.

ఖర్చు ఎవరిది?

హాలు, భోజనాలు, వక్తల ప్రయాణాలు: అన్నిటికీ డబ్బు కావాలి. అక్కడే మందుల కంపెనీలు ముందుకొస్తాయి. సదస్సుల కోసం కంపెనీల నుంచి ప్రయాణ ఖర్చులు, బహుమతులు తీసుకోకూడదని 2009 డిసెంబరులో వైద్య మండలి డాక్టర్లను నిషేధించింది. 2024 మార్చిలో కేంద్రం విడుదల చేసిన మందుల మార్కెటింగ్ నియమావళి కంపెనీల వైపు నుంచి కట్టడి పెట్టింది. విదేశాల్లో ఇలాంటి కార్యక్రమాలు జరపకూడదు. వక్తగా వచ్చినవారికి తప్ప ఇతర డాక్టర్లకు ప్రయాణ ఖర్చులు ఇవ్వకూడదు. పెట్టిన ఖర్చు వివరాలు బయటపెట్టాలి. అయితే కళాశాలలతో కలిసి కంపెనీలు సదస్సులు జరపడం పూర్తిగా ఆగిపోలేదు. ఏ మందు గురించి మాట్లాడుతున్నారో, ఆ మందు తయారుచేసే కంపెనీయే భోజనం పెడుతోందా అన్న ప్రశ్న అందుకే మిగిలే ఉంది.

రోగికి దీనితో ఏం పని?

రాసే చీటీలో ఏ మందు ఉండాలో కొంతవరకు ఈ గదుల్లోనే తేలుతుంది. కాబట్టి వక్త ఎవరు, ఖర్చు ఎవరిది, చేత్తో చేయించిన పని ఎంత అన్న వివరాలు నిర్వాహకులు ముందే ప్రకటిస్తే మేలు. సామాన్యుల కోసం పెట్టే ఉపన్యాసాలకు భాష కూడా ముఖ్యమే. పుదుచ్చేరి ప్రాంతంలో తమిళంలో, అదే కేంద్రపాలిత ప్రాంతంలో కాకినాడ సమీపాన ఉన్న యానాంలో తెలుగులో చెబితేనే మధుమేహం, రక్తపోటు గురించిన మాట ఇంటిదాకా చేరుతుంది.