బబుల్ బాయ్ డేవిడ్: కణం మీద లేని ఒక్క ముక్క

1971 సెప్టెంబర్ 21కి వెళ్దాం. అమెరికాలోని హ్యూస్టన్‌లో డేవిడ్ వెట్టర్ అనే బాబు పుట్టాడు. పుట్టగానే తల్లి ఒళ్ళోకి ఇవ్వలేదు, సూక్ష్మజీవులు లేని ప్లాస్టిక్ బుడగలో పెట్టారు. ఎందుకంటే వాళ్ళ మొదటి బాబు ఏడు నెలలకే చనిపోయాడు, ఒంట్లో ఇన్ఫెక్షన్‌తో పోరాడే శక్తి లేక. ఆ జబ్బుని పొట్టిగా స్కిడ్ అంటారు.

తిండి, బొమ్మలు, పుస్తకాలు, ఏదైనా స్టెరిలైజ్ చేశాకే లోపలికి. అమ్మ ముట్టుకోవాలన్నా మధ్యలో గ్లవ్స్. 1983 అక్టోబర్‌లో అక్క ఎముక మజ్జ ఎక్కించారు. అందులో ఎప్‌స్టీన్-బార్ వైరస్ దాక్కుని ఉంది, ముందు చేసిన టెస్టుల్లో బయటపడలేదు. మనలో చాలామందికి అది వచ్చినట్టు కూడా తెలియదు. డేవిడ్‌కి మాత్రం క్యాన్సర్ తెచ్చింది. 1984 ఫిబ్రవరి 22న, 12 ఏళ్ళకి చనిపోయాడు. తల్లి వట్టి చేత్తో అతన్ని తాకింది ఆ చివరి రోజుల్లోనే.

బుడగ మీద సినిమాలు వచ్చాయి. అసలు లోపం ఎక్కడుందో మాత్రం ఇంకో తొమ్మిదేళ్ళకి గానీ తెలియలేదు. నాకైతే ఆ వెతుకులాటే పెద్ద కథ.

జబ్బు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉందని ముందే తెలుసు, అందుకే దాదాపు మగపిల్లలకే వస్తుంది. 1993లో ఎన్‌ఐహెచ్‌లో వారెన్ లెనార్డ్ బృందం జీన్‌ని పట్టుకుంది. రిసెప్టర్ అంటే కణం పైపొర మీద చెవి లాంటిది, బయటి కెమికల్ మెసేజ్ విని లోపలికి చేరవేస్తుంది. ఆ చెవిలో గామా చైన్ అనే ముక్క ఈ పిల్లల్లో చెడిపోయింది.

ఇక్కడే చిక్కొచ్చింది. ఆ ముక్క ఇంటర్‌ల్యూకిన్-2 అనే మెసేజ్ కోసం అనుకున్నారు. కానీ ఆ మెసేజే లేని ఎలుకల్లో టి కణాలు బానే తయారవుతున్నాయి! మరి ఈ పిల్లల్లో ఎందుకు లేవు?

ఎందుకంటే ఆ ముక్క ఒక్క చెవిది కాదు. ఇంటర్‌ల్యూకిన్ 2, 4, 7, 9, 15, 21, ఈ ఆరింటికీ అదే కావాలి. ఆరు చెవులకి ఒకటే కర్ణభేరి అన్నమాట. 7 వినపడకపోతే టి కణాలు ఎదగవు. 15 వినపడకపోతే ఎన్‌కే కణాలు ఉండవు. బి కణాలు ఉంటాయి గానీ, టి కణాల సాయం లేక సరైన యాంటీబాడీలు చేయలేవు.

2000లో పారిస్‌లో అలెన్ ఫిషర్ బృందం మంచి రిజల్ట్ చూపించింది: పిల్లల మజ్జ కణాల్లోకి సరైన జీన్ ఎక్కిస్తే టి కణాలు పుట్టాయి. తర్వాత ఆ పిల్లల్లో కొందరికి లుకేమియా వచ్చింది. అది ఇంకో ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.